మూతలు వేరు, సీసాలు వేరు

మా ఇంట్లో పెరుగు డబ్బా ఖాళీ అయిందంటే దాని పని అయిపోయినట్టు కాదు, అప్పుడే మొదలైనట్టు. ముందు చన్నీళ్ళతో ఒకసారి, తర్వాత వేణ్ణీళ్ళతో ఒకసారి కడగాలి. మూత మీది వెండి రేకు ఒలిచి చదును చెయ్యాలి. చుట్టూ ఉన్న అట్ట ఊడదీసి కాగితాల సంచిలో వెయ్యాలి. అప్పుడు డబ్బాకి క్లిప్పు పెట్టి వెనక బాల్కనీలో తీగ మీద ఆరెయ్యాలి. పాల ప్యాకెట్లు, నూనె సీసాలు, సాసు సీసాలు, షాంపూ డబ్బాలు, అన్నిటికీ పసిపిల్లలకి పోసినట్టు స్నానం పోసేదాన్ని. పక్కింటావిడ మా బాల్కనీ చూసి, "మరి మీ ఇంట్లో మనుషుల బట్టలు ఎక్కడ ఆరేస్తారండీ?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను డ్రై క్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. బట్ట తీసుకుని, వెలుతురులోకి పట్టి, మరకలు చూసి, చీటీ పిన్ను చేసి లోపలికి పంపడం నా పని. మరక గురించి నిజం చెప్పేవాళ్ళు తక్కువ. కాఫీ అంటారు, చూస్తే కాఫీ కాదు. నిన్ననే పడిందంటారు, అంచులు చూస్తే ఎప్పటిదో. వాళ్ళ మొహం కూడా చూడక్కర్లేదు, గొంతు వింటే చాలు, కనిపెట్టేస్తాను. మా యజమాని నన్ను 'పోలీసమ్మ' అంటాడు. ఆ పేరంటే నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. అలాంటి నన్ను మా ఆయన ఏళ్ళ తరబడి బుట్టలో వేశాడు.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికొచ్చి నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు వాన పడుతుందని మా అమ్మాయి అత్తారింటికి వెళ్ళేదాకా ఆటపట్టించేది. అబద్ధమాడాలంటే ముందు నోరు తెరవాలి కదా, ఈయన అదీ చెయ్యడు, ఇంక నాకు భయమేముంది అనుకునేదాన్ని.

సంగతి అర్థం కావాలంటే మా అత్తగారి మాట చెప్పాలి. ఆవిడ చివరి రెండేళ్ళూ మా ఇంట్లోనే, మంచంలోనే ఉన్నారు. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, చెంచాతో గంజి పట్టడం, అన్నీ నేనే చేశాను. షాపుకి వెళ్ళే ముందు కొంత, వచ్చాక కొంత, మధ్యలో నా భోజనం మానుకుని పరుగెత్తుకొచ్చి కొంత. ఆవిడ పోయిన రోజు ఇంటినిండా జనం ఉండగా నా తోడికోడలు, అంటే మా మరిది భార్య, గది మధ్యలో నిలబడి "సరిగ్గా చూసుకునుంటే ఇంకొన్నాళ్ళు బతికేవారు" అంది. అందరూ నా వైపు చూశారు. వీపు మీద పుండ్లు పడకూడదని నేను నిద్ర మానుకుని పక్క మార్చిన సంగతి అక్కడ ఒక్కరికీ తెలీదు. తెలిసిన ఒక్క మనిషి ఈయన. ఈయన అప్పుడు గదిలో లేడు, కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

మర్నాడు ఈయన తమ్ముడింటికి వెళ్ళొచ్చాడు. "గట్టిగా అడిగేశాను. మా అమ్మని నా భార్య చూసుకున్నట్టు కన్నకూతురు కూడా చూసుకోదని చెప్పాను. ఇంక ఆ గడప తొక్కను" అన్నాడు. మా పెళ్ళయ్యాక ఈయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా విన్నది ఆ రోజే. వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను. ఆ తర్వాత ఎవరేమనుకున్నా నాకు బెంగ లేకపోయింది. కళ్ళారా చూసినవాడు ఈయన, నా తరఫున మాట్లాడినవాడు ఈయన. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ నిబ్బరంగా తిరిగాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఈ చెత్త వ్యవహారం మొదలైంది.

"ఊరి చివర పాత బస్సు డిపో పక్కన సెంటర్ పెట్టారట. సీసాలూ కాగితాలూ విడివిడిగా ఇస్తే తీసుకుంటారట. నువ్వు వేరుచేసి పెట్టు, ఆదివారం నేను పట్టుకెళ్తాను" అన్నాడు ఈయన.

తనంతట తాను ఒక పని నెత్తినేసుకుంటానన్న మొగుణ్ణి ఏ పెళ్ళాం కాదంటుంది? పాత దుప్పటి చింపి మూడు సంచులు కుట్టాను. కాగితాలకొకటి, ప్లాస్టిక్‌కొకటి, సీసాలకీ రేకు డబ్బాలకీ ఒకటి. మొదట్లో ఈయన స్కూటర్ మీద అలా వెళ్ళి ఇలా వచ్చేసేవాడు.

కొన్నాళ్ళకి కొత్త నిబంధన వచ్చింది. "మూతలు వేరు, సీసాలు వేరు పెట్టాలట." సరే, పెట్టాను. ఇంకొన్నాళ్ళకి, "సీసాల మీద లేబుల్ ఉండకూడదట." సీసాల్ని బకెట్లో నానబెట్టి, జిగురు వదలకపోతే నూనె రాసి, గోరుతో గీకేదాన్ని. నా కుడిచేతి బొటనవేలి గోరు పెరగడమే మానేసింది. తర్వాత, పచ్చ సీసాలూ తెల్ల సీసాలూ కలపకూడదట. ఆ తర్వాత, ఉత్తరాల కవర్లకి అడ్రసు కనబడేందుకు చిన్న ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది చూడండి, అది కత్తిరించి తీసెయ్యాలట. సంచులు మూడల్లా ఎన్నయ్యాయో చెప్పుకుంటే నవ్వుతారు. నిబంధన పెరిగినప్పుడల్లా ఈయన తిరిగొచ్చే వేళా జరిగేది. "ఒక్కొక్కటీ చూపించి వెయ్యాలి. పైగా లైను" అనేవాడు. పొద్దున వెళ్ళిన మనిషి భోజనాల వేళ దాటాక వచ్చి, ఆకలి లేదు, అక్కడే ఏదో తిన్నాను అనేవాడు. నా చెత్త మోసి సెలవురోజు పాడుచేసుకుంటున్నాడని నేను జాలిపడేదాన్ని.

అన్నిటికంటే నన్ను పడగొట్టింది తాతగారు. సెంటర్లో ఒక పెద్దాయన ఉంటాడట. సంచులు విప్పి చూసేది ఆయనేనట. "మీ సంచి విప్పితే వాసన రాదు, మీ ఇంటావిడ చెత్త కూడా ఎంత శుభ్రంగా ఉంటుందో" అన్నాడట. ఇంకో ఆదివారం మా సీసా ఒకటి ఎత్తిపట్టి అందరికీ చూపించాడట. రోజంతా జనం మరకలు వెతుక్కునే నాకు, నా పని శుభ్రంగా ఉందని ఒకరంటే ఎలా ఉంటుందో ఏం చెప్పను! పైగా నేను సరిగ్గా చూసుకోనని పేరు పడ్డదాన్నాయె. ఆదివారం ఈయన చెప్పులు విప్పకముందే "ఏమన్నారు తాతగారు?" అని ఎదురెళ్ళేదాన్ని. ఈయన కాసేపు ఆలోచించి ఏదో ఒకటి చెప్పేవాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడనుకునేదాన్ని.

చలి మొదలయ్యాక తాతగారికి దగ్గు పట్టుకుందన్నాడు. ఆరుబయట నిలబడే మనిషి, పాపమనిపించింది. బూడిదరంగు ఊలు తెచ్చి, చివర్లలో నీలం గీతలు వేసి, కుదురుగా మఫ్లర్ అల్లాను. ఈయన తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

"ఏమన్నారు?" అన్నాను.

"కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు" అన్నాడు. ఆ రోజు మాత్రం ఆలోచించకుండా చెప్పాడు.

పోయిన నెల ఈయన ఏదో బిల్డింగులో మెట్ల మీద జారి మడమ బెణికించుకున్నాడు. కట్టు కట్టి, కాలు కదపొద్దన్నారు. ఒక ఆదివారం పోయింది, రెండో ఆదివారమూ పోయింది. బాల్కనీలో అడుగు పెట్టే చోటు లేదు. నేను పట్టుకెళ్తానంటే ఈయన ససేమిరా ఒప్పుకోడు. బరువన్నాడు, దూరమన్నాడు, అక్కడ లైను నువ్వు తట్టుకోలేవన్నాడు, ఇంకొన్నాళ్ళు ఆగితే నేనే వెళ్తానన్నాడు. ఇంత మాట్లాడుతున్నాడేమిటా అనిపించింది గానీ, కాలు నొప్పికి చిరాకులే అని సరిపెట్టుకున్నాను. పోలీసమ్మ బుర్ర అప్పుడు ఏ గడ్డి మేస్తోందో మరి.

బుధవారం నాకు సగం పూట సెలవు. ఈయన మందు వేసుకుని నిద్రపోతుండగా టాక్సీ పిలిచి సంచులన్నీ ఎక్కించాను. తాతగారికి నన్ను నేను పరిచయం చేసుకోవాలి కదా అని మంచి బట్టలు కూడా వేసుకున్నాను.

పాత డిపో పక్కన రేకుల షెడ్డు, దాని ముందు మనిషెత్తు డబ్బాలు. రబ్బరు తొడుగులు వేసుకున్న ఒకావిడ అట్టపెట్టెలు తొక్కి చదును చేస్తోంది. నేను సంచులు దించి వరసగా పేర్చి, చూడమన్నట్టు మూతులు విప్పి పెట్టాను.

ఆవిడ వచ్చి తొంగిచూసింది. "ఇదేంటమ్మా, మూతలు విడిగా తెచ్చారు?"

"అలాగే తెమ్మన్నారుగా మీరు."

"మేమెందుకంటామమ్మా? చిన్నవి కదా, విడిగా ఉంటే మిషన్లోంచి జారిపోతాయి. సీసాకి బిగించే తేవాలి."

"మరి లేబుళ్ళు తీసెయ్యాలి కదా?"

"ఉంటే ఉండనివ్వండి, మాకేం?"

"రంగుల వారీగా..."

"సీసాలన్నీ ఆ ఒక్క డబ్బాలోనే వేసెయ్యండి. ఎవరు చెప్పారమ్మా మీకివన్నీ?"

అప్పటికీ ఈయన మీదికి మనసు పోలేదు. ఈవిడ కొత్తగా చేరిందేమో, పని తెలీదేమో అనుకున్నాను.

"తాతగారు లేరా ఇవాళ?" అన్నాను. "సంచులు చూసే పెద్దాయన. ఆదివారాలు ఉంటారు చూడండి."

"ఆదివారం సెంటరే ఉండదమ్మా, సెలవు. పెద్దాయనలెవరూ లేరిక్కడ. తెరిచినప్పట్నుంచీ నేనూ, మా డ్రైవరూ, అంతే." ఇంకో బండి వచ్చి ఆగితే ఆవిడ అటు వెళ్ళిపోయింది.

మూతల సంచి ముందేసుకుని కూర్చున్నాను. ఎర్రవి, నీలంవి, తెల్లవి, అన్నీ కలిసిపోయున్నాయి. కొన్ని బిగించబోయాను, పట్టలేదు. చివరికి అన్నీ ఎక్కడ పడితే అక్కడ కుమ్మరించి వచ్చేశాను. ఆ సెంటరు మొత్తం మీద అంత అడ్డదిడ్డంగా చెత్త వేసినదాన్ని ఆ రోజు నేనే అయ్యుంటాను.

టాక్సీలో దారి పొడుగునా ఒక ఆడమనిషిని ఊహించుకున్నాను. ఇంకేం ఊహించుకోను? ఆదివారాలన్నీ ఎక్కడికో పోయిన మొగుడు మరి. ఆవిడకి మంచి కళ్ళు పెట్టాను, మెత్తటి మాట పెట్టాను, ఒక్క లేబులూ గీకని పొడుగాటి గోళ్ళు పెట్టాను. ఇంటి మలుపు వచ్చేసరికి ఆవిడ జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చినంత పనీ అయింది.

ఈయన లేచి సోఫాలో కాలు చాపుకుని ఉన్నాడు. నేను నేరుగా అడగలేదు. షాపులో కూడా నేరుగా అడగను, కొంచెం తాడు వదులుతాను.

"తాతగారు ఇవాళ మా షాపుకొచ్చారండీ. కోటు క్లీనింగ్‌కి ఇచ్చి వెళ్ళారు" అన్నాను.

ఈయన నా మొహం చూశాడు. "అలాగా" అని, "దగ్గు తగ్గిందా?" అన్నాడు.

లేని మనిషి దగ్గు గురించి నన్ను అడిగాడు! గొంతులో వణుకు లేదు, తడబాటు లేదు. ఉప్పు ఎక్కువైందనో, కరెంటు పోయిందనో చెప్పే గొంతే. కౌంటర్లో అంతమందిని పట్టుకున్నదాన్ని, ఇంట్లో ఉన్నవాడి దగ్గర నాకేమీ వినబడలేదు. "ఎవరావిడ?" అనడానికి నోరు తెరిచాను. అప్పుడే తలుపు గంట మోగింది.

తలుపు తీస్తే మా మరిది. అత్తగారు పోయాక మా గుమ్మంలో నిలబడటం అదే మొదలు. చేతిలో పళ్ళ సంచి. మెడకి బూడిదరంగు మఫ్లర్, చివర్లలో నీలం గీతలు.

"వదినా, ఏమీ అనుకోకండి, చెప్పకుండా వచ్చేశాను" అన్నాడు. "అన్నయ్య రెండు ఆదివారాలుగా రాలేదు, ఫోనూ ఎత్తట్లేదు. ఒంట్లో ఎలా ఉందోనని కాలు నిలవలేదు."

నేను పక్కకి తప్పుకున్నాను. లోపలికి వచ్చి అన్నయ్య కాలు చూసి అయ్యో అన్నాడు. ఈయన కళ్ళెత్తలేదు. మా మరిదికి మాత్రం నోరాగే జబ్బు లేదు, ఇద్దరు అన్నదమ్ముల మాటలూ తనే మాట్లాడతాడు.

"అయినా వదినా, ఇన్నాళ్ళూ ఆదివారమొస్తే చాలు మా ఇంట్లో అన్నయ్య భోజనం చెయ్యాల్సిందే. మీ వీధిలో చెత్త తొట్టి లేదట కదా, సంచులు తెచ్చి మా సందు చివర తొట్టిలో పడేస్తాడు. మా ఆవిడ ఎన్నిసార్లు అందో, వదిన సంచి విప్పితే వాసనే రాదు, ఆవిడ చెత్త కూడా ఎంత శుభ్రంగా ఉంటుందో అని."

తాతగారి మాట. అక్షరం పొల్లుపోలేదు. ఏ నోరు నలుగురిలో నన్ను తల దించుకునేలా చేసిందో, ఆ నోటి మెప్పుకి ఇన్నాళ్ళూ చెప్పులు విప్పనివ్వకుండా ఎదురెళ్ళి మురిసిపోయానన్నమాట.

మరిది మఫ్లర్ సర్దుకున్నాడు. "ఇది మీరు అల్లి పంపారని అన్నయ్య ఇచ్చిన రోజు మా ఆవిడ ఏడ్చేసింది వదినా. అంత మాటన్నా మనసులో పెట్టుకోలేదు, ఆవిడ మనసు పెద్దదని..."

"నేను మనసులో పెట్టుకోలేదని ఎవరు చెప్పారు నీకు?"

మరిది అన్నయ్య వైపు చూశాడు. "అన్నయ్యే. కోపం పోయింది, రావడానికే మొహమాటపడుతోంది, నన్ను తనే పంపుతోంది అని..."

"ఊరుకోరా" అన్నాడు ఈయన.

"ఊరుకోవద్దు" అన్నాను నేను. "మీ అమ్మ పోయిన మర్నాడు మీ అన్నయ్య మీ ఇంటికొచ్చి ఏమన్నాడు?"

"ఏమంటాడు వదినా? కూర్చుని ఏడ్చాడు. ఇద్దరం ఏడ్చాం."

"నా గురించి?"

"మీ గురించి ఏమీ అనలేదే." మరిది నా మొహం చూసి తడబడ్డాడు. "అనుంటే బాగుండేది వదినా. ఒక్క మాట గట్టిగా అడిగుంటే మా ఆవిడ ఆ రోజే వచ్చి మీ కాళ్ళు పట్టుకునేది. ఏమీ అనకపోయేసరికి..."

"చెప్పు."

"అన్నయ్య మనసులోనూ అదే ఉందేమోననుకున్నాం."

మరిదికి ఏం జరుగుతోందో సగం అర్థమైనట్టుంది, లేచి నిలబడ్డాడు.

"అది నేను నీకు అల్లలేదు" అన్నాను. "మీ అన్నయ్య పుట్టించిన ఒక మనిషికి అల్లాను."

మరిది చెయ్యి మెడ మీదికి పోయింది. తియ్యాలో ఉంచుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. పాపం అతను చేసిందేముంది? "ఉంచుకో, బయట చలిగా ఉంది" అన్నాను. పళ్ళ సంచి టేబుల్ మీద పెట్టి, మెల్లిగా వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చి ఈయన ఎదురుగా కూర్చున్నాను.

"వాడు నా తమ్ముడు" అన్నాడు ఈయన. "అమ్మ పోయాక నాకు మిగిలింది వాడే. చెప్తే నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

"అడిగారా?"

"లేదు."

"తమ్ముణ్ణి చూడాలనిపించింది, వెళ్ళారు, సరే. గొడవ పడేదాన్నేమో, రెండు రోజులు అన్నం మానేసేదాన్నేమో, పోనీయండి. నా చేత లేబుళ్ళు ఎందుకు గీకించారు?"

ఈయన తన కట్టు వైపు చూసుకున్నాడు. "ఇంకాసేపు కూర్చోవాలనిపించేది. ఎందుకాలస్యమైందని నువ్వు అడిగేదానివి. ఏదో ఒకటి చెప్పాలి కదా."

అంటే వాళ్ళింట్లో ఈయన కూర్చున్న ప్రతి అరగంటా నా గోళ్ళతో గీకి ఇచ్చిందే. నేను బకెట్ ముందు గొంతుకూర్చుని జిగురు వదలగొడుతుంటే, ఆ పుణ్యాన ఈయన ఇంకో ముద్ద తిన్నాడు. నన్ను అడక్కుండా నా కోపాన్ని తీసుకెళ్ళి వాళ్ళకి క్షమాపణగా ఇచ్చేశాడు. అది నా కోపం. ఉంచుకుంటానో వదిలేస్తానో నేను చెప్పాలి.

కానీ ఇవన్నీ కాదు నన్ను తొలిచేస్తున్నది. అడగడానికి భయమేసింది. అయినా అడిగాను.

"మీ అమ్మని నేను సరిగ్గా చూసుకోలేదని మీకూ ఉందా?"

"లేదు" అన్నాడు వెంటనే. తల ఎత్తాడు. "ఎప్పుడూ లేదు. నువ్వు లేచి పక్క మార్చడం నాకు తెలీదా? ఆవిడకి చల్లగా తగులుతుందని తడిగుడ్డని నీ చేతుల మధ్య వెచ్చబెట్టి తుడిచేదానివి. గంజి ముందు నీ పెదవులకి తగిలించి చూసుకునేదానివి. తనని కన్నతల్లి కూడా ఇంత బాగా చూసుకోలేదని అమ్మే అంది నాతో, ఒకరోజు."

తడిగుడ్డ మాట నిజం. గంజి మాట నిజం. అవి నేను చేసినవే, చేసినట్టు ఇంకెవరికీ తెలీదు. అత్తగారు అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. అది ఆవిడ నిజంగానే అని ఉండొచ్చు. ఈ మనిషి ఇప్పుడే, నా మొహం చూసి, నాకేం కావాలో తెలుసుకుని, ఒక పెద్దాయనని పుట్టించినట్టే పుట్టించి ఉండొచ్చు.

"ఎప్పుడన్నారు?" అని అడిగాను.

ఈయన కాసేపు ఆలోచించాడు. ఇంతలో నేనే చెయ్యి అడ్డం పెట్టి ఇంక చెప్పొద్దన్నాను. ఈ ప్రపంచంలో ఏ ఒక్క మాటైనా నమ్మాలని ఉందంటే అది ఆ మాటే. నమ్మలేకపోయాను.